కరికి మకరి, మకరికి కరి... ఇంతకీ భటులు ఏం పడ్డారు?

పెన్సిలుముక్క:
రెండు రోజులుగా పోతన గజేంద్రమోక్షంలో ఏనుగూ మొసలీ పోరాడే పద్యం ఒకటి బుర్రలో తిరుగుతోంది. "గరికి మకరి మకరికిఁ గరి / భరమనుచును నతల కుతల భటు..." దాకా వచ్చి ఆగిపోతున్నాను. ఆ తర్వాత మా తాతయ్య "లదరిపడన్" అని చదివేవారు. మొన్న ఒకచోట "లరుదుపడన్" అని కనపడింది. ఏది సరి?

ఊరికే అడగడం లేదు. ఈ పద్యానికి ఒక పేజీ కామిక్ వేస్తున్నాను. బాక్సింగ్ రింగులో ఏనుగు, మొసలి, రెండింటికీ గ్లోవ్స్. (మొసలికి గ్లోవ్స్ గీయడం ఎంత కష్టమో గీస్తే గానీ తెలీదు. ఆ పొట్టి చేతులు దాని మూతి దాకా కూడా రావు.) చుట్టూ జనం. అరుదుపడితే కనుబొమలు పైకి లేపి నోళ్లు తెరిపించాలి. అదరిపడితే కుర్చీల్లోంచి జానెడు ఎగరాలి, పాప్‌కార్న్ ఒలికిపోవాలి. రెండూ ఒకే మొహంలో ఇమడవు. మొత్తం నలభై మొహాలు. ఒకసారి ఇంక్ వేశాక మార్చలేను.

అరసున్న:
తాతయ్యగారిదే సరైన పాఠం. అదరిపడన్. అందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

ఎనిమిదో స్కంధం:
అరసున్న గారూ, అంత తొందరెందుకండీ? మా ఇంట్లో ఉన్న పుస్తకంలో అరుదుపడన్ అనే ఉంది. అరుదు అంటే వింత, ఆశ్చర్యం. ఇవాళ ఆ మాటను 'అరుదైన వ్యాధి' లాంటి అర్థంలోనే ఎక్కువగా వాడుతున్నాం కాబట్టి, నోటికి అలవాటైన అదరిపడటం వచ్చి కూర్చుంది. పద్యాలు నోట్లో అరిగేది ఇలాగే.

అరసున్న:
పోనీ గణాలు వేసి చూద్దాం. కందం నాలుగో పాదం: భరమను, చునునత, లకుతల, భటులద, రిపడన్. సరిపోయింది.

ఎనిమిదో స్కంధం:
భటులరు, దుపడన్. ఇదీ సరిపోయింది. యతి 'భరమను' భకారానికి 'భటు'లో భకారం. అది మన గొడవ మొదలవకముందే తీరిపోతుంది. ప్రాస రెండో అక్షరంలో ఉంది కాబట్టి దానికీ మనతో పనిలేదు. పోతన సరిగ్గా ఛందస్సు కాపలా లేనిచోట మనల్ని వదిలేసి వెళ్లాడు.

చివరి బెంచీ:
ఆ పద్యంలో పాదాంతం గురువులు రెండు తీసేస్తే మిగతావన్నీ లఘువులే. గబగబా చదివితే నిజంగానే గుద్దులు పడుతున్నట్టుంటుంది. మా తెలుగు మాస్టారు ఇది చదివేటప్పుడు బల్లమీద వేళ్లతో దరువు వేసేవారు. రెండో పాదం చివర 'బెరయన్' దగ్గర ఒకటి, 'పడన్' దగ్గర ఒకటి, అరచేత్తో గట్టిగా. మేము అదరిపడేవాళ్లం. నా ఓటు అందుకే అదరిపడటానికి.

పెన్సిలుముక్క:
ఓట్లతో తేలితే నాకూ హాయే. కానీ అర్థం తేలాలి కదా. నేను అసలు ఈ బొమ్మ వేయడానికి కారణం 2024 నవంబరు 15 నాటి బాక్సింగ్ మ్యాచ్, మాజీ ఛాంపియన్ టైసన్‌కీ యూట్యూబర్ జేక్ పాల్‌కీ. ఒకరికి 58 ఏళ్లు, ఇంకొకరికి 27. రెండేసి నిమిషాల రౌండ్లు ఎనిమిది. అంటే పదహారు నిమిషాల యుద్ధం. గజేంద్రుడు వెయ్యేళ్లు చేశాడు. మన దగ్గర శనివారం పొద్దున్నే లేచి కూర్చుంటే మధ్యమధ్యలో బొమ్మ ఆగిపోయి తెరమీద చక్రం తిరిగింది. గజేంద్రమోక్షంలో చక్రం వచ్చి రక్షించింది. ఇక్కడ చక్రం వచ్చి మొత్తం మింగింది.

ఇంతా చేస్తే టైసన్ గుద్దులు తగిలినవి 18. పాల్‌వి 78. నన్నడిగితే ఆ వారంలో మనం అదరిపడింది ఒక్కసారే, ముందురోజు బరువులు చూసే దగ్గర టైసన్ లాగి చెంపమీద కొట్టినప్పుడు. అరుదుపడింది కూడా ఒక్కసారే, ఆఖరి గంట మోగేముందు పాల్ ఆగి ఆయనకు వంగి దండం పెట్టినప్పుడు. మిగతా టైమంతా జనం ఫోన్లు చూసుకున్నారు. కాబట్టి నాకు ఈ రెండు మాటల మధ్య తేడా చాలా పెద్దది.

గోదారిగట్టు:
తమ్ముడూ, ఆ రాత్రి అసలు పద్యం ముందే అయిపోయింది. ఆడవాళ్ల మ్యాచ్, కేటీ టేలర్, అమాండా సెరానో. పది రౌండ్లు. ముగ్గురు జడ్జీలూ 95-94 అని రాశారు, ఒక్క పాయింటు. సెరానో కన్నుపైన చీరుకుపోయి రక్తం కారుతూనే ఉంది, కొడుతూనే ఉంది. కరికి మకరి మకరికి కరి అంటే అది. నువ్వు ముసలాయనకు మొసలిని పెట్టి బొమ్మ వేస్తానంటావేంటి?

పెన్సిలుముక్క:
అది ఒప్పుకుంటాను. కానీ బాబాయ్, నేను వేస్తున్నది బాక్సింగ్ గురించి కాదు, చూసేవాళ్ల గురించి.

ఎనిమిదో స్కంధం:
చూసేవాళ్ల గురించే అయితే 'భటులు' అన్న మాట పట్టుకోండి. పోతన 'జనులు' అనలేదు. భటులంటే యుద్ధం తెలిసినవాళ్లు. పట్టు తెలిసినవాడు పట్టు చూసి అరుదుపడతాడు, తెలియనివాడు చప్పుడుకి అదరిపడతాడు. నా పాఠానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అరసున్న:
అందమైన వాదనే. కానీ ఆ లెక్కన భటులే అదరిపడ్డారంటే ఆ పోరు ఇంకెంత భయంకరమో చూసుకోండి. మామూలు జనం దేనికైనా అదరిపడతారు. అందుకే కవి భటుల్ని తెచ్చాడు. మీ సాక్షి నా వైపు చెప్పాడు.

గోదారిగట్టు:
ఇదీ దెబ్బంటే.

చివరి బెంచీ:
మీరిద్దరూ భటుల దగ్గరే ఉండిపోయారు. అతల కుతల సంగతేంటి? ఏడు కింది లోకాల్లో అతలం ఉంది, వితల సుతల తలాతల మహాతల రసాతల పాతాళాలు ఉన్నాయి. కుతలం లేదు. కు అంటే భూమి, కాబట్టి కుతలం అంటే భూతలం. ఇక్కడే నా సొంత సిద్ధాంతం: మనం రోజూ అనే 'అతలాకుతలం' ఈ పద్యంలోంచే పుట్టింది. తుఫాను వచ్చినప్పుడల్లా టీవీలవాళ్లు తెలియకుండానే పోతనను చదువుతున్నారు. ఆధారం అడక్కండి, నమ్మకం.

అరసున్న:
తలకిందులుగా ఎందుకు కాకూడదు? ఆ మాట అప్పటికే జనం నోట్లో ఉండి ఉంటుంది. ఆయన దాన్ని రెండు లోకాలుగా విడగొట్టి చమత్కరించి ఉంటాడు. శబ్దం దొరికితే వదలడు కదా. 'మందార మకరంద' రాసిన చెయ్యి.

చివరి బెంచీ:
అదైనా ఇదైనా పోతన ఖాతాలోకే పోతుంది కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

బండిరా:
కొత్తగా వచ్చాను, ఒక అనుమానం. యుద్ధమైతే మామూలుగా పైనుంచి దేవతలు చూసి పూలు కురిపిస్తారు కదా. ఇక్కడ కిందివాళ్లు ఎందుకు చూస్తున్నారు?

పెన్సిలుముక్క:
కామెంట్లు ఎప్పుడూ కిందే ఉంటాయండీ.

బండిరా:
నవ్వు ఆగడం లేదు. కానీ సీరియస్‌గానే అడిగాను.

ఎనిమిదో స్కంధం:
పోరు మడుగులో కదా. అడుగునుంచి చూస్తే వాళ్లకే బాగా కనపడుతుంది. ఇది నా ఊహ, వ్యాఖ్యానం కాదు.

గోదారిగట్టు:
'అనుచును' ఎవరూ పట్టించుకోలేదు. అనేది ఎవరు? భటులంతా కలిసి 'ఏనుక్కి మొసలి భారం, మొసలికి ఏనుగు భారం' అంటున్నారా, లేక అతలంవాళ్లు ఒకటీ కుతలంవాళ్లు ఒకటీ అంటున్నారా? నేను రెండోదే అంటాను. మొసలి కిందిది కాబట్టి అతలంవాళ్లు దాని ఫ్యాన్స్, ఏనుగు నేలమీదిది కాబట్టి కుతలంవాళ్లు దీని ఫ్యాన్స్. పోతన ఆరు మాటల్లో రెండు అభిమాన సంఘాలు పెట్టేశాడు.

పెన్సిలుముక్క:
బాబాయ్, ఇది అద్భుతం. 2018 ఆగస్టులో మాంచెస్టర్‌లో కేఎస్ఐ, లోగన్ పాల్ కొట్టుకున్నప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ఇద్దరూ యూట్యూబర్లే, ఇద్దరికీ కోట్లలో జనం. ఆరు రౌండ్ల తర్వాత డ్రా. ఒక్కరూ పడలేదు, కింద మాత్రం అతలాకుతలం. ఏడాది తర్వాత లాస్ ఏంజెలిస్‌లో కేఎస్ఐ గెలిచాడు గానీ, నాకు ఆ డ్రానే ఇష్టం. కరికి మకరి, మకరికి కరి అని ఆపేయడమే అందం.

కామిక్స్‌లో కూడా ఇదే. 1978లో డీసీ వాళ్లు సూపర్‌మాన్‌కూ మహమ్మద్ అలీకీ బాక్సింగ్ పెట్టారు, నీల్ ఆడమ్స్ బొమ్మలు. ఎర్ర సూర్యుడి కింద సూపర్‌మాన్ శక్తులు పోతాయి, అలీ చేతిలో చావుదెబ్బలు తింటాడు. పుస్తకం తెరవకముందు నేను ఎక్కువసేపు చూసింది మాత్రం అట్ట. ముందూ వెనకా కలిపి ఒకటే బొమ్మ, రింగు చుట్టూ ప్రేక్షకులు: అప్పటి ప్రెసిడెంటు కార్టర్, జాక్సన్ ఫైవ్, పక్కనే బ్యాట్‌మాన్. నలభై మొహాలు గీయాలన్న పిచ్చి నాకు అక్కణ్ణుంచే పట్టింది.

అరసున్న:
ఆ జనం అరుదుపడుతున్నారా, అదరిపడుతున్నారా?

పెన్సిలుముక్క:
కొంతమంది కెమెరా వైపు చూస్తున్నట్టుంటారు. సెలబ్రిటీలు కదా.

బండిరా:
స్పైడర్‌మాన్ కూడా మొదట ఇలాంటివాడే కదా? 1962 నాటి మొదటి కథలో బలం రాగానే వెళ్లింది జనాన్ని కాపాడటానికి కాదు. మూడు నిమిషాలు రింగులో నిలబడితే వంద డాలర్లు అంటే మాస్క్ వేసుకుని మల్లయోధుడితో కుస్తీకి వెళ్లాడు. తర్వాత టీవీ షో. ఇవాళ అయితే ఛానెల్ పెట్టేవాడు.

పెన్సిలుముక్క:
నేను ఇరవై ఏళ్లుగా చెప్తున్నది ఇదే! వాడు హీరో అవడానికి ముందు ఇన్‌ఫ్లుయెన్సర్.

గోదారిగట్టు:
పాపం ఇంకో కామిక్స్ హీరో డేర్‌డెవిల్ నాన్న అసలు బాక్సర్. ఓడిపొమ్మని డబ్బిస్తామంటే గెలిచాడు, చంపేశారు. ఆయన్ని ఎవరూ తలుచుకోరు.

చివరి బెంచీ:
బొమ్మకు పేరేం పెడుతున్నారు? 'ముష్టియుద్ధం' అని పెట్టకండి. ముష్టి అంటే పిడికిలి, పిడికెడు బియ్యం, ఆ తర్వాత అడుక్కోవడం. మా ఊళ్లో ముష్టి చెట్టు కూడా ఉంది, కాయ విషం. మూడూ కలిపితే సెలబ్రిటీ బాక్సింగ్‌కి చక్కగా సరిపోతుంది నిజానికి. పెట్టండి.

ఎనిమిదో స్కంధం:
బలరాముడు కంసుడి మల్లరంగంలో చంపింది ముష్టికుణ్ణి. కృష్ణుడి వంతు చాణూరుడు. పసిపిల్లల మీదికి కొండల్లాంటి మల్లుల్ని వదిలితే, చూస్తున్న మధుర స్త్రీలు ఇది అధర్మం, సమానబలం లేని పోరు చూడటమూ తప్పే అంటారు. 58 ఏళ్లాయన ఆట పెట్టినప్పుడు ఆ మాట ఎంతమంది అన్నారు? నేను దశమస్కంధంలోకి వెళ్లిపోతున్నాను, క్షమించండి. ఆ ఘట్టం చదివితే తిరిగి రాలేను.

అరసున్న:
వేమనను మరిచారు. నీళ్లలోన మొసలి నిగిడి ఏనుగుఁ బట్టు, బైట కుక్కచేత భంగపడును. జేక్ పాల్‌కి ఇంటర్నెట్టే మడుగు. 2025 డిసెంబరులో మయామీలో గట్టెక్కి మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ ఆంథనీ జాషువా ముందు నిలబడ్డాడు. ఆరో రౌండులో పడ్డాడు, దవడ విరిగింది. స్థానబలిమి!

గోదారిగట్టు:
జాషువాను కుక్క చేశారేంటండీ?

అరసున్న:
పద్యంలో ఉన్నది చెప్పాను. ఆరు రౌండ్లు నిలబడ్డాడని పాల్‌నీ మెచ్చుకుంటాను.

బండిరా:
మళ్లీ మొదటికి వస్తే, నాకు తోచింది ఒకటి. అదరిపడటం అప్పుడు ఉలిక్కిపడటం. ఇవాళ 'అదిరింది' అంటే మెచ్చుకోవడం. అంటే అదిరిందన్నవాడు అరుదుపడుతున్నట్టే. ఐదారు వందల ఏళ్లలో రెండు పాఠాలూ ఒకే చోటికి వచ్చేశాయి. ఇంక గొడవెందుకు?

ఎనిమిదో స్కంధం:
గొడవ అదిరికీ అరుదుకీ కాదమ్మా ఇప్పుడు, అదరికీ అదిరికీ కూడా ఉంది. మీరు 'ది' అన్నారు, అరసున్న గారు 'ద' అన్నారు.

అరసున్న:
నేను 'ద' అనే అన్నాను. అదరు అన్నది పాత రూపం.

ఎనిమిదో స్కంధం:
అలాగా? రేపు నిఘంటువు తీస్తాను.

పెన్సిలుముక్క:
తీయండి గానీ, పేజీ రాత్రే అయిపోయింది. నలభైమందికీ చేతుల్లో ఫోన్లు పెట్టి మొహాలకు అడ్డంగా ఎత్తి పట్టించేశాను. కనుబొమలు కనపడవు, కుర్చీలూ కనపడవు. కింద పద్యం రాసి 'భటు' తర్వాత చుక్కలు పెట్టాను.

అరసున్న:
చూశాను. ఏనుగు బాగుంది. 'మకరికిఁ' దగ్గర అరసున్న ఎగిరిపోయింది.