వెనిస్‌లో పాత ప్యాలెస్ హోటల్: కెనాల్ వైపు గదికి అంత పెట్టొచ్చా?

పెళ్లిరోజుకి వెనిస్ వెళ్తున్నాం. గ్రాండ్ కెనాల్ ఒడ్డున, ఒకప్పటి ప్యాలెస్‌ని మార్చిన హోటల్లో ఉండాలని మా ఆవిడ కోరిక. వెనక గదికీ కెనాల్ కనిపించే గదికీ రేటులో చాలా తేడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు 1
కెనాల్ వైపే తీసుకోండి. అలాంటి హోటలే అయిన గ్రిట్టీ ప్యాలెస్ 1475లో కట్టింది, డోజ్ (అప్పటి వెనిస్ పాలకుడు) ఆండ్రియా గ్రిట్టీ ఉన్న ఇల్లు, ఎదురుగా నీళ్లకి అవతల సల్యూటే చర్చి గుమ్మటం కనిపిస్తుంది, ఆ దృశ్యం లేకపోతే అంత డబ్బు పెట్టడం ఎందుకండీ? పొద్దున్నే పడవల చప్పుడు మాత్రం ఉంటుంది.

జవాబు 2
లగేజీ తగ్గించుకోండి. ఊళ్లో కార్లు తిరగవు, వంతెనలు దాదాపు అన్నీ మెట్లే. ఎయిర్‌పోర్ట్ నుంచి వాటర్ టాక్సీ ఖరీదే కానీ హోటల్ రేవులోనే దింపుతుంది. నగర పన్ను గది అద్దెకి అదనం.

జవాబు 3
గొండోలా (తెడ్డు పడవ) షికారు అధికారిక రేటు పగలు అరగంటకి 90 యూరోలు, మనిషికి కాదు, మొత్తం పడవకి. ఎక్కేముందే మాట్లాడుకోండి.