టెక్సస్‌లో విల్లుతో దుప్పి వేట: గురి ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న, సిరొంచ నుంచి:

అన్నలకు నమస్తే. మా బామ్మర్ది టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ లైసెన్సు తీసుకున్నాడు, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేశాడు, ఇప్పుడు విల్లుతో వేటకు పోతానంటున్నాడు. కొట్టబోయేది మన చుక్కల దుప్పినే, అక్కడ యాక్సిస్ డీర్ అంటారట. కాంపౌండ్ విల్లు కొన్నాడు. అట్ట బొమ్మ మీద 20 గజాల నుంచి బాగానే కొడుతున్నాడు గానీ నిజం జంతువు ఎదురైతే తలకా, మెడకా, గుండెకా అని రోజూ రాత్రి నాకు ఫోన్. నేను జీవితంలో గురి పెట్టి కొట్టింది క్యారమ్స్ స్ట్రైకరే. తెలిసినవాళ్లు చెప్పండి, వాడికి పంపిస్తాను.

జవాబు, అహేరి, ఫారెస్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన:

అడిగింది టెక్సస్ సంగతి కాబట్టి అభ్యంతరం లేదు. కానీ ఇది చదివి ఇక్కడ ఎవరూ విల్లు బయటికి తీయొద్దు. 1972 వన్యప్రాణి చట్టం 9వ సెక్షన్ ప్రకారం మన దగ్గర దుప్పి వేట నేరం. చప్రాలా అభయారణ్యం లోపలా బయటా అన్న తేడా లేదు, ఇంట్లో మాంసం దొరికినా కేసే. పొలంలో పడి మేస్తే ఫారెస్టు వాళ్లను పిలిచి పంచనామా రాయించుకొని పరిహారం అడగండి. టెక్సస్‌కు ఈ జంతువును 1932లో తీసుకెళ్లారు. అక్కడ అది బయటి జంతువు కింద లెక్క, అందుకే సీజన్ లేకుండా ఏడాదంతా కొట్టనిస్తారు. లైసెన్సుతో పాటు భూమి యజమాని అనుమతి కూడా ఉండాలి.

జవాబు, బల్లార్‌పూర్, పిల్లలకు ఆర్చరీ నేర్పిస్తాను:

వేట నాకు తెలియదు, గురి గురించి మాత్రం చెబుతాను. కొత్తవాళ్లు జంతువు మొత్తాన్ని చూస్తారు, బాణం కూడా ఎక్కడో మధ్యలోకి పోతుంది. దుప్పికైతే ఒంటి మీద చుక్కలున్నాయి కదా, ఒక్క తెల్ల చుక్కను పట్టుకొని దాన్నే చూడమనండి. ఇంకోటి, ప్రశాంతంగా నిలబడి కొట్టే దూరం వేరు, గుండె దడదడలాడుతుంటే కొట్టే దూరం వేరు. కాస్త పరుగెత్తి వచ్చి ఆయాసంతో కొట్టమనండి. అప్పుడు కూడా అన్ని బాణాలూ టిఫిన్ ప్లేటంత చోటులో పడితే ఆ దూరమే వాడి హద్దు.

జవాబు, అంకీస, మటన్ షాపు:

నాకు విల్లు సంగతి తెలియదు తమ్మీ, లోపల ఏది ఎక్కడుంటుందో మాత్రం పొద్దున లేస్తే చూసేదే. మేకైనా దుప్పైనా అమరిక ఇంచుమించు ఒకటే. ముందుకాలి మోచేయి ఉంటుంది చూడు, గుండె దానికి కొంచెం పైన, రొమ్ము ఎముకకు దగ్గరగా కిందికే ఉంటుంది. దాని పైనా వెనకా ఊపిరితిత్తులు. తర్వాత పల్చటి పొర అడ్డం. ఆ పొర వెనక కార్జం, ఆ వెనక బోటి. పక్కటెముకలు చాలా వెనకదాకా ఉంటాయి గానీ చివరి ఎముకల కింద ఉండేది ఊపిరి కాదు, కార్జమూ పొట్టా. కాబట్టి ఒంటి మధ్యలో కొడితే బాణం పోయేది బోటిలోకే. పేగులు తెగిన జంతువు వెంటనే చావదు, ఎక్కడికో పోయి గంటల తరబడి నరకం పడుతుంది. మాంసం కూడా పాడు.

జవాబు, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో, మాది సిరొంచ పక్కనే:

మటన్ అన్న చెప్పిందే అసలు పాఠం. మీ బామ్మర్ది ముందు తెలుసుకోవాల్సింది, బాణం తుపాకీ గుండులాగా దెబ్బతో పడగొట్టదు. పదునైన మొన లోపల కోసుకుంటూ పోవాలి, రక్తం కారి, ఊపిరితిత్తులు రెండూ చతికిలబడి జంతువు పడిపోవాలి. రెండు ఊపిరితిత్తుల్లోంచీ బాణం దూసుకుపోతే సాధారణంగా వంద గజాల లోపే పడుతుంది. ఒక్కదానికే తగిలితే చాలా దూరం పోతుంది, దొరక్కపోనూవచ్చు.

పూర్తిగా అడ్డంగా నిలబడ్డప్పుడు ముందుకాలి వెనక అంచు వెంబడి చూపు పైకి తీసుకెళ్లి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడోవంతు దగ్గర ఆపమను. అక్కడ గుండె పైభాగం, ఊపిరితిత్తులు రెండూ దొరుకుతాయి. మనవైపు ముందుకాలు ముందుకు వేసేదాకా ఆగితే ఇంకా మంచిది, జబ్బ ఎముక పక్కకు జరిగి దారి ఇస్తుంది. ఇక్కడి వైట్‌టెయిల్ జింక కంటే యాక్సిస్‌కు గుండె, ఊపిరితిత్తులు కాస్త ముందుకే ఉంటాయని ఇక్కడి వేటగాళ్ల మాట, కాబట్టి జబ్బ వెనక మరీ దూరంగా పెట్టొద్దు.

వీపు కొంచెం మనవైపు తిప్పి ఏటవాలుగా నిలబడితే అదే నాకు అన్నిటికన్నా ఇష్టం. అప్పుడు బాణం ఎక్కడ దిగుతుందని కాదు, ఎక్కడ బయటికి రావాలని చూడాలి. అవతలివైపు ముందుకాలిని మనసులో పెట్టుకొని దానికి పోయే గీత మీద కొట్టాలి. ఇవతల చూస్తే పక్కటెముకల్లో బాగా వెనక పడ్డట్టు కనిపిస్తుంది, భయపడొద్దు.

తల, మెడ అసలు వద్దు. చిన్నవి, ఎప్పుడూ కదులుతుంటాయి. ఒక్క అంగుళం తప్పితే దవడ విరిగిన జంతువు అడవిలో తిరుగుతుంది. ఎదురుగా రొమ్ము చూపిస్తే ఆగాలి. ఏటవాలుగా మనవైపు వస్తున్నా ఆగాలి, జబ్బ ఎముకలు అడ్డం. తోక చూపిస్తే చెప్పనక్కర్లేదు. వాడికి టెన్షన్ తగ్గాలంటే ఎప్పుడు కొట్టకూడదో ముందే అనుకుని పోవాలి, అక్కడికి పోయాక ఆలోచించే టైం ఉండదు.

ఇంకోటి. యాక్సిస్ మహా బెదురు జంతువు. శబ్దం సెకనుకు దాదాపు 1,100 అడుగులు పోతుంది, కాంపౌండ్ బాణం 280 చుట్టుపక్కల. 30 గజాల్లో, అంటే 90 అడుగుల్లో, నారి చప్పుడు బాణం కంటే పావు సెకను ముందే దాని చెవిన పడుతుంది. పరుగు తీయడానికి ముందు కాళ్లు మడిచి కిందికి కుంగుతుంది, బాణం వీపు మీదుగా పోతుంది. అందుకే పైకి కాదు, ఎప్పుడూ గుండె ఎత్తులో కిందికే గురి. కుంగకపోతే గుండె, కుంగితే ఊపిరితిత్తులు. తలెత్తి మనవైపే చూస్తున్నప్పుడు కొట్టనే వద్దు. నన్నడిగితే మొదటి వేటకు 20 గజాలు దాటొద్దు.

ప్రశ్న అడిగినవారు:

అన్నా, చాలా థ్యాంక్స్, అన్నీ వాయిస్ మెసేజ్ చేసి పంపాను. వాడు చెట్టుకు కట్టిన సీటు మీద, 20 అడుగుల ఎత్తులో కూర్చుంటాడట. అప్పుడూ ఇదే లెక్కనా?

జవాబు, శాన్ ఆంటోనియో:

లెక్క అదే, కోణం మారుతుంది. పై నుంచి కొట్టే బాణం ఇవతల ఎత్తున దిగి అవతల కిందికి వస్తుంది. కాబట్టి గురి కొంచెం పైన పెట్టి, అవతలి కాలి దగ్గర కిందుగా బయటపడేలా చూసుకోవాలి. సరిగ్గా చెట్టు కిందికే వచ్చిందనుకో, తొందర వద్దు. నిట్టనిలువు దెబ్బలో ఒక్క ఊపిరితిత్తే దొరుకుతుంది. నాలుగడుగులు నడిచి 15 గజాలు దూరం పోనివ్వమను. సీటు మీద నడుముకు బెల్టు కాదు, ఒంటికంతా పట్టే హార్నెస్ కట్టుకొమ్మను. వాడు కింద పడితే ఇంట్లో మాట పడేది నువ్వే.

జవాబు, అంకీస, మటన్ షాపు:

కొట్టాక రక్తం చూసుకొమ్మను. లేత ఎరుపులో నురగ, బుడగలు ఉంటే ఊపిరితిత్తి. చిక్కగా ముదురు రంగుంటే కార్జం. ఆకుపచ్చగా పసరు, కంపు ఉంటే బోటి.

ప్రశ్న అడిగినవారు:

ఆ చివరిది అయితే ఏం చేయాలి? వెంటనే వెతకాలా? అక్కడ ఎండలు మన మే నెల లాగే ఉన్నాయంటున్నాడు.

జవాబు, శాన్ ఆంటోనియో:

వెంటనే వెంటపడొద్దు, అదే పెద్ద తప్పు. లేపితే కిలోమీటర్లు పోతుంది. నురగ రక్తమైతే అరగంట ఆగి మెల్లగా పోవాలి. కార్జమైతే నాలుగైదు గంటలు. బోటి అయితే చల్లటి వాతావరణంలో ఎనిమిది, పది గంటలు ఆగమంటారు. ఎండాకాలంలో అంతసేపు ఆగితే మాంసం దక్కదు, అయినా ఆగడమే మేలు, లేకపోతే జంతువే దొరకదు. బాణం తగిలిన చోటా, చివరిసారి కనిపించిన చోటా గుడ్డముక్క కట్టి చప్పుడు చేయకుండా వెనక్కి రావాలి. కంచె దాటి పక్కవాడి భూమిలోకి పోయుంటే యజమానికి ఫోన్ చేశాకే అడుగు పెట్టాలి. గాయపడ్డ జింకలను వాసన పట్టే కుక్కలున్నవాళ్లు ఇక్కడ ఉంటారు. అలాంటివాళ్ల నంబరు ఒకటి, పక్క భూముల వాళ్ల నంబర్లూ వేటకు పోయే ముందు రోజే ఫోన్‌లో సేవ్ చేసుకొమ్మను, కొండల్లో సిగ్నల్ ఉన్న చోటు కూడా చూసి పెట్టుకొమ్మను.