రాలిన ఆకు ఎక్కడికి పోతుంది? రెండు చైనా నానుడులకు తెలుగు కావాలి

పోస్టు:

అందరికీ నమస్కారం. ఒక చిన్న వ్యాసం తెలుగు చేస్తూ ఒకే ఒక్క వాక్యం దగ్గర మూడు రోజులుగా కూర్చున్నాను. గడువు దగ్గరపడి టెన్షన్‌గా ఉంది, సాయం చేయండి.

వ్యాసం సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్ యూ వంశం గురించి. ఆయన ముత్తాత లీ బోక్ బూన్ 1846లో పుట్టాడు. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం, డాబు ప్రాంతం, హక్కా అనే చైనా జనవర్గం మనిషి. 1863లో సముద్రం దాటి సింగపూర్ వైపు వచ్చాడు. సింగపూర్‌లో పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు, నాలుగు డబ్బులు వెనకేశాడు. 1882లో ఇక ఊరికి పోదాం పదండి అన్నాడు. భార్య సియో హువాన్ నియో ససేమిరా అంది. ఆ ఊరు ఆమె పుట్టి ఎరగదు. పిల్లల్ని వెంటేసుకుని పుట్టింటివాళ్ళ దగ్గర దాక్కుంది. చివరికి ఆయన ఒక్కడే ఓడెక్కాడు. ఊళ్ళో పెద్ద ఇల్లు కట్టాడు, ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, డబ్బు పోసి చిన్న సర్కారీ హోదా కొనుక్కుని ఆ దుస్తుల్లో బొమ్మ గీయించుకున్నాడు. సింగపూర్‌లో తల్లితోపాటు దాక్కున్న పదేళ్ళ పిల్లవాడే లీ క్వాన్ యూకి తాత.

వ్యాసకర్త ఈ కథంతా చెప్పి, భర్త చేసింది 'లుఓ యె గుయి గెన్', భార్య చేసింది 'లుఓ డి షెంగ్ గెన్' అని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. మొదటిదానికి మాటకి మాట అర్థం 'రాలిన ఆకు వేరుకు తిరిగి వెళ్తుంది'. రెండోది 'నేల మీద పడి వేరు పుట్టిస్తుంది'. చైనా వదిలి వెళ్ళినవాళ్ళ గురించి ఎవరు రాసినా ఈ రెండూ జంటగా వస్తాయి. నేను 'రాలిన ఆకు వేరును చేరింది' అని రాసుకున్నాను. చదువుకుంటే నాకే అతకలేదు. ఆకు వేరును చేరడమేంటి, వేరు మట్టిలో కదా ఉండేది?

విజయవాడ సభ్యుడు:

'ఏ గూటి పక్షి ఆ గూటికే' అంటే సరిపోదా అన్నా?

కర్నూలు సభ్యుడు:

'సొంతగూటికి' అనగానే ఇప్పుడు పార్టీ మారి మళ్ళీ వెనక్కొచ్చిన ఎమ్మెల్యే గుర్తొస్తాడు. పేపర్లవాళ్ళు ఆ మాటను వాడి వాడి అరగదీశారు. పాపం ముత్తాతకి కండువా కప్పినట్టుంటుంది.

హనుమకొండ మాస్టారు:

ముందు ఉచ్చారణ సంగతి. ఇంగ్లీషు స్పెల్లింగులో 'జి' కనిపించింది కదా అని గెన్, గుయి అని రాశారు. ఆ స్పెల్లింగులో జి, డి, బి అక్షరాలు పలికేది మన క, త, ప లాగే. కె, టి, పి అని రాసేవి ఖ, థ, ఫ. ఇంగ్లీషువాడికి క, ఖ వేరువేరు అక్షరాలు కావు కాబట్టి తిప్పలు పడ్డాడు. మనకేం ఖర్మ? 'లుఒ యె క్వెయ్ కన్', 'లుఒ తి షంగ్ కన్' అని రాస్తే చాలా దగ్గరగా ఉంటుంది. ఒకప్పటి తెలుగు పత్రికలు 'మావో సే టుంగ్' అని రాసేవి. ఇప్పటి 'జెడాంగ్' కంటే అదే నయం.

ఇక మాట. 'కన్' అంటే వేరు సరే. తెలుగులో రాలిన ఆకు వేరు మీద పడదు, చెట్టు మొదట్లో పడుతుంది. 'మొదలు' మనకు చెట్టు మొదలూ అవుతుంది, ఆరంభమూ అవుతుంది. చైనావాళ్ళు 'కన్' చేత చేయించుకునే పనంతా తెలుగులో ఆ మాట చేస్తుంది. ఆకు కూడా ఉట్టి ఆకు కాదు, పండుటాకు. పెద్ద వయసు మనిషిని మనం అనేది అదే. 'పండుటాకు చెట్టు మొదట్లోకే' అనండి.

పోస్టు పెట్టినవారు:

మాస్టారూ, ఇది బావుందండీ! 'మొదటికే' అని క్లుప్తం చేయనా?

హనుమకొండ మాస్టారు:

వద్దు నాయనా. 'వ్యవహారం మళ్ళీ మొదటికొచ్చింది' అంటే పని చెడిందని. 'మొదట్లోకే' అనే ఉంచు.

కాలిఫోర్నియా సభ్యురాలు:

ఒక్క మాట చెప్పాలి. ఇది కేవలం ఉపమానం అనుకోకండి. 19వ శతాబ్దంలో బంగారు గనులకూ రైలు పట్టాల పనికీ ఇక్కడికి వచ్చిన గ్వాంగ్‌డాంగ్ వాళ్ళు చనిపోతే, కొన్నేళ్ళ తర్వాత సమాధి తవ్వి, ఎముకలు శుభ్రం చేసి, పెట్టెల్లో సర్ది హాంకాంగ్ మీదుగా సొంతూరికి పంపేవాళ్ళు. ఆ పని ఊరి సంఘాలవాళ్ళు చూసుకునేవారు. హాంకాంగ్‌లో తుంగ్ వా ఆసుపత్రి ఈ పెట్టెల కోసం ప్రత్యేకంగా ఒక భవనమే పెట్టింది. ఆకు నిజంగానే వెళ్ళేదన్నమాట. మనకైతే అస్థికలు ఊరికి కాదు, గోదావరికో కృష్ణకో కాశీకో వెళ్తాయి. మనకి నీళ్ళు, వాళ్ళకి మట్టి. అందుకే నాకు 'మట్టి' అన్న మాట ఎక్కడో ఒకచోట పడాలనిపిస్తోంది.

ఇంకో మాట కూడా ఇక్కడివాళ్ళ దగ్గర వినిపిస్తుంది. అమెరికా 1882లో చైనా కూలీలను రానివ్వకుండా చట్టం చేసింది (అక్కడ ముత్తాత ఇంటికి బయల్దేరిన ఏడాదే). 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం, ఆ వెంట మంటలు, ఊళ్ళో జనన రికార్డులు బూడిద. దాంతో చాలామంది 'నేను ఇక్కడే పుట్టాను, చైనాలో నాకు ఇంతమంది కొడుకులు' అని రాయించుకుని, ఆ కొడుకుల స్థానాలు వేరేవాళ్ళకి అమ్మారు. అలా వచ్చినవాళ్ళని ఇంగ్లీషులో 'పేపర్ సన్స్' అంటారు. కొన్ని కుటుంబాల్లో సమాధి రాయి మీద ఇంగ్లీషులో కొన్న ఇంటిపేరు, చైనా అక్షరాల్లో అసలు ఇంటిపేరు ఉంటాయి. దీనికి తెలుగేమిటి? 'దత్తపుత్రుడు' కాదు, దత్తతలో మోసం లేదు.

విజయవాడ సభ్యుడు:

'కాగితం కొడుకు' అనేయండి అక్కా. మన దగ్గర పట్టాదారు పాసుపుస్తకంలో మాత్రమే ఉన్న పొలాన్ని కాగితాల మీద పొలం అంటాం కదా, అదే పద్ధతి.

కాలిఫోర్నియా సభ్యురాలు:

తీసుకున్నా తమ్ముడూ.

చైనీస్ చదువుకున్న సభ్యురాలు:

పోస్టులోని కథకి పనికొచ్చే సంగతి ఒకటి ఎవరూ చెప్పలేదు. 'క్వెయ్' అంటే తిరిగి వెళ్ళడం, ఇల్లు చేరడం. కానీ వాళ్ళ ప్రాచీన కవితల్లో అదే మాటకి ఆడపిల్ల పెళ్ళై అత్తవారింటికి వెళ్ళడం అని అర్థం. రెండున్నర వేల ఏళ్ళ నాటి పీచ్ చెట్టు పాటలో 'ఈ పిల్ల కాపురానికి వెళ్తోంది' అనే చోట ఉన్నది ఈ 'క్వెయ్'. అంటే మగవాడికి 'ఇంటికి చేరడం' తను పుట్టిన చోటికి, ఆడదానికి తను పుట్టని చోటికి! 1882లో ఆ ముత్తవ్వ దాక్కుంది చూశారా, ఆమె కాదన్నది ఈ రెండో అర్థాన్ని. భర్తకి అది స్వగ్రామం, ఆమెకి అది అత్తగారి ఊరు. అందుకని అనువాదంలో భర్త గురించి చెప్పేటప్పుడు 'ఇంటికి వెళ్ళాడు' అని, భార్య గురించి చెప్పేటప్పుడు 'పుట్టిల్లు విడవలేదు' అని రాస్తే తెలుగు పాఠకుడికి వివరణ లేకుండానే అందుతుంది.

నానుడి చాలా పాతది. చైనా బౌద్ధంలోని ధ్యాన (జెన్) సంప్రదాయంలో ఆరవ గురువు హుయినెంగ్ 713లో చనిపోయే ముందు సొంతూరికి బయల్దేరుతుంటే, మళ్ళీ ఎప్పుడొస్తారని శిష్యులు అడిగారట. 'ఆకు రాలి వేరు చేరుతుంది, వచ్చేటప్పుడు నోరు లేదు' అన్నాడని ఆయన బోధల గ్రంథంలో ఉంది. ఆయన ఊరు కూడా గ్వాంగ్‌డాంగ్ వైపే.

పోస్టు పెట్టినవారు:

అమ్మా, మీరు చెప్పింది చదివాక ఆ పేరా మొత్తం మళ్ళీ రాస్తున్నాను. 'చూడని ఊరు' అని రాసిన చోట 'అత్తగారి ఊరు' వేశాను. ఇంకో సందేహం కూడా తీర్చండి. వ్యాసంలో వంశ పద్యం అని ఒకటి వస్తుంది. మగపిల్లల పేర్లన్నీ ఆ పద్యం నుంచే వస్తాయట. ఎలా?

చైనీస్ చదువుకున్న సభ్యురాలు:

వంశానికి ఒక పుస్తకం ఉంటుంది, 'త్సు ఫు' అంటారు (ఫ ను ఇంగ్లీషు ఎఫ్‌లా చదవొద్దు, మాస్టారు కోప్పడతారు). అందులో పెద్దలు ముందే ఒక పద్యం రాసి పెడతారు. తరానికో అక్షరం. ఒక తరంలో పుట్టిన అన్నదమ్ములూ పెదనాన్న చిన్నాన్న కొడుకులూ అందరి పేర్లలో ఆ అక్షరం ఉంటుంది. హునాన్‌లోని మావో వంశ పద్యంలో ఒక పాదం 'త్సు అన్ యి త్స యువెన్'. పెద్దల దయ, విడిచిన మేలు, దూరం సాగుతాయి అని చెప్పుకోవచ్చు. ఇప్పుడు పేర్లు చూడండి. ముత్తాత మావో త్సురన్, తాత మావో అన్‌ఫు, తండ్రి మావో యిఛాంగ్, తర్వాత మావో త్సతుంగ్ (మనం మావో సే టుంగ్ అనే నాయకుడు), ఆయన తమ్ముళ్ళు త్సమిన్, త్సథాన్. తమ్ముడి కొడుకు యువెన్‌షిన్. ఆ పాదం పూర్తవడానికి అయిదు తరాలు పట్టింది.

లీ కుటుంబంలో కూడా ఈ పోలిక కనిపిస్తుంది. క్వాన్ యూ తమ్ముళ్ళు కిమ్ యూ, థియమ్ యూ, స్వాన్ యూ. అక్షరం చివర్లో ఉంది. కొడుకులు సియెన్ లూంగ్, సియెన్ యాంగ్. కూతురు మాత్రం వెయ్ లింగ్. ఆడపిల్లలకి చాలా వంశాల్లో పద్యమూ లేదు, పుస్తకంలో చోటూ లేదు. కన్ఫ్యూషియస్ వంశ పుస్తకంలో సైతం ఆడవాళ్ళ పేర్లు మొదటిసారి ఎక్కింది 2009 ముద్రణలోనే. అందులో ఇరవై లక్షలకు పైగా పేర్లున్నాయి.

తుని సభ్యుడు:

ఇది మనకి పూర్తిగా ఎదురు! మన దగ్గర తాత పేరు మనవడికి పెడతాం. కోడలేమో మామగారి పేరు పలకకూడదని కన్నకొడుకుని 'పెద్దాడా', 'బాబూ' అంటుంది. మా ఇంట్లో నన్ను అసలు పేరుతో మా అమ్మ పిలిచింది ఒక్క స్కూల్ ఫారమ్ నింపేటప్పుడే. చైనాలో తాత పేరు పెడితే?

చైనీస్ చదువుకున్న సభ్యురాలు:

పెద్దల్ని అవమానించినట్టు. పేరులోని అక్షరాన్ని ఊరికే రాయడానికి కూడా వెనకాడేవారు ఒకప్పుడు.

తుని సభ్యుడు:

మా వైపు పాతవాళ్ళు 'రంగం పోయాడు' అంటారు, రంగూన్ వెళ్ళాడని. బర్మాలో తెలుగువాళ్ళందరినీ 'కోరంగీలు' అనేవారు, ఓడెక్కిన రేవు కోరంగి కాబట్టి. శ్రీకాకుళం వాడైనా విశాఖ వాడైనా కోరంగీయే. రేవు పేరే జాతి పేరైపోయింది. చైనావాళ్ళ ఇంటిపేరు రేవు రేవుకీ మారుతుందని విన్నాను, నిజమేనా?

కాలిఫోర్నియా సభ్యురాలు:

అక్షరం మారదు, పలుకుబడి మారుతుంది. ఒకే అక్షరం ఫుజియన్ వైపు నుంచి పెనాంగ్, సింగపూర్ చేరితే 'టాన్', హాంకాంగ్ వైపు నుంచి వెళ్తే 'చాన్', బీజింగ్ లెక్కలో 'చెన్'. వియత్నాంలో 'ట్రాన్'. కాగితం మీద నలుగురు పరాయివాళ్ళు. చైనా అక్షరం రాసి చూపించుకుంటే 'ఓహో, మనం మనం ఒకటే'.

రాజమండ్రి బోటనీ లెక్చరర్:

ఆలస్యంగా చూశాను. రెండో నానుడి గురించి ఎవరూ మాట్లాడలేదు. 'లుఒ తి షంగ్ కన్' అనేది చైనాలో ఒక మొక్కకి కూడా పేరు. మనందరి పెరట్లో ఉండేదే. రణపాల!

ఆకు తుంచి నేల మీద పడేస్తే అంచుల్లోని నొక్కుల దగ్గర చిన్న చిన్న మొలకలొస్తాయి, వాటికి వేర్లొస్తాయి. గింజ అక్కర్లేదు, కొమ్మ అక్కర్లేదు. కాబట్టి నానుడుల జంటలో తేడా ఎక్కడుందో చూడండి. రెంటిలోనూ రాలేది ఆకే అనుకోండి. ఒక ఆకు చెట్టు మొదట్లోకి పోతుంది, ఇంకో ఆకు పడ్డచోటే చెట్టవుతుంది. పై పోస్టులో మీరు 'నేల మీద పడి వేరు పుట్టిస్తుంది' అని ఊరుకున్నారు, ఏది పడిందో చెప్పలేదు. మూలంలోనూ చెప్పలేదు, నిజమే. కానీ తెలుగులో కర్త లేకపోతే ఆ వాక్యం గాల్లో వేలాడుతుంది. 'రణపాలాకు పడ్డచోటే వేరూనింది' అని రాయండి.

కర్నూలు సభ్యుడు:

మేడం, మా ఇంట్లో రణపాల అంటే కిడ్నీలో రాళ్ళు! మా నాన్నగారు పొద్దున్నే రెండాకులు నమిలేవారు. ఈ వాక్యం చదివితే వలస గుర్తురాదు, ఆయన మొహం గుర్తొస్తుంది.

రాజమండ్రి బోటనీ లెక్చరర్:

వైద్యం సంగతి నేను మాట్లాడను. మరి చిన్నప్పుడు రణపాలాకు పుస్తకంలో పెట్టి మొలక కోసం రోజూ తెరిచి చూసుకోలేదూ?

కర్నూలు సభ్యుడు:

పెట్టాను. లెక్కల పుస్తకంలో. అది మొలిచింది, నాకే లెక్కలు రాలేదు.

హనుమకొండ మాస్టారు:

రణపాల నాకు నచ్చింది. ఒక్కటే జాగ్రత్త. మొదటి నానుడికి గౌరవం ఎక్కువ, రెండోదానికి సుఖం ఎక్కువ అన్నట్టు రాయకండి. చైనా ప్రభుత్వం ఒకప్పుడు దేశం విడిచి పోవడాన్నే నేరంగా చూసింది, ఆ నిషేధాన్ని లాంఛనంగా ఎత్తేసింది 1893లో. 1955లో ఇండోనేషియాతో ఒప్పందం చేసుకుని రెండు పౌరసత్వాల్లో ఒకటే ఎంచుకోండని అక్కడి చైనీయులతో అంది. ఆకు ఎటు పోవాలో ఆకు ఒక్కటే తేల్చుకోలేదు.

పోస్టు పెట్టినవారు:

అందరికీ దణ్ణం. ఇదిగో, పంపబోయే వాక్యం:

'ఆయన పండుటాకు కాకముందే చెట్టు మొదట్లోకి, ఆ మట్టిలోకి వెళ్ళిపోయాడు. ఆమె పుట్టిల్లు విడవలేదు. రణపాలాకులా పడ్డచోటే వేరూనింది.'

1882కి ఆయనకి ముప్ఫై ఆరే కదా, అందుకని 'కాకముందే' అన్నాను.

చైనీస్ చదువుకున్న సభ్యురాలు:

'పడ్డచోటే' ఎలా కుదురుతుందండీ? ఆమె ఎక్కణ్ణుంచీ వచ్చి పడలేదు, ఆమె పుట్టిందీ పెరిగిందీ అటే. వచ్చి పడ్డది ఆయన.

పోస్టు పెట్టినవారు:

అయ్యో. అవును. మళ్ళీ మొదటికొచ్చింది.