కోఫాక్స్ మోచేయి ఇప్పుడైతే బాగయ్యేదా?

బేస్‌బాల్ బాగా తెలిసినవాళ్లు, ముఖ్యంగా అమెరికాలో ఉండి ఆట ఫాలో అయ్యేవాళ్లు కాస్త చెప్పండి. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ జట్టు పిచర్ (బంతి విసిరే ఆటగాడు) శాండీ కోఫాక్స్ 1966లో 27 మ్యాచ్‌లు గెలిచి, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కూడా మూడోసారి తెచ్చుకుని, ఆ నవంబర్‌లోనే ఆట మానేశాడు. వయసు 30! ఎడమ మోచేతిలో ఆర్థరైటిస్ (కీలు అరిగిపోవడం) అట. ఇది చదివినప్పటి నుంచీ నా మనసు ఊరుకోవడం లేదు, ఎందుకంటే 1974లో అదే జట్టు పిచర్ టామీ జాన్‌కి ఎడమ మోచేతి లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టే పట్టీ) పాడైతే, డాక్టర్ ఫ్రాంక్ జోబ్ కుడి చేతి నుంచి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటిది) తీసి అక్కడ వేశాడు, దాంతో జాన్ 1989 దాకా ఆడాడు. ఆ ఆపరేషన్ ముందే వచ్చి ఉంటే కోఫాక్స్‌కి పనికొచ్చేదా, లేక కీలు అరగడం పూర్తిగా వేరే సమస్యా? కీళ్ల డాక్టర్లు ఎవరైనా ఉంటే మామూలు మాటల్లో చెప్పండి, ప్లీజ్.