వేమన పద్యంలో ఒక "న" తప్పిపోయింది

కోనసీమ కొబ్బరాకు:
కనుమ రోజు జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఒక పద్యం బుర్రలో తిరుగుతోంది. దారిలో ఒక పక్క సన్నాయి మేళం, ఇంకో పక్క ఎవరో పెట్టిన డీజే బాక్సులు. మా బావగారు సన్నాయి దగ్గర ఆగిపోయారు. సన్నాయాయన దారానికి వేలాడే పీకల్లోంచి ఒకటి తీసి, నోట్లో తడిపి, ఊది, నచ్చక వదిలేసి ఇంకోటి పట్టుకున్నాడు. బావగారికి ఆ ఊదకముందు హడావుడి కూడా కచేరీయే. ఇంటర్ చదివే మా మేనకోడలు బాక్సుల దగ్గరే నిలబడిపోయింది. "అదీ ఒక సంగీతమేనా, బటన్లు నొక్కేవాడూ ఒక కళాకారుడేనా" అని ఈయన కసిరితే, "రోజూ వింటే మీకూ ఎక్కుతుంది నాన్నా. అనగనగ రాగమతిశయిల్లుచునుండు అని నేర్పింది మీరే కదా" అంది. ఆయనకి నోట మాట లేదు.

నాకు రెండు డౌట్లు. అది "అనగనగ"యేనా? మా నాయనమ్మయితే "అనగా అనగా రాగం, తినగా తినగా రోగం" అంటూ నా చేతిలోంచి పూతరేకుల పొట్లం లాక్కునేది. రెండోది, ఆ పాదం పాడేవాడి గురించా, వినేవాడి గురించా?

కరప మాస్టారు:
మీ మేనకోడలు ఒక "న" మింగేసిందండి. అనగన్ + అనగ, అనగననగ. ఆటవెలది కాబట్టి మొదటి మూడూ సూర్యగణాలు, అంటే మూడు లఘువులో, గురువూ లఘువో: అనగ, ననగ, రాగ. ఆ "న" పోతే రెండో గణం "నగరా" అయి కూర్చుంటుంది. కథలు చెప్పే "అనగనగా" నోట్లో నానిపోయి ఈ తిప్పలు.

తణుకు తాతయ్య:
మా బళ్ళో "పాడగ పాడగ" అనే చెప్పారండి. రాగాన్ని ఎవరైనా అంటారా? పాడతారు గానీ.

కరప మాస్టారు:
తాతయ్యగారూ, బళ్ళో చెప్పింది భావం అయ్యుంటుంది. "పాడగ" సూర్యగణం కాదు. పోనీ "పాడఁ బాడ" అని సర్దితే గణం నిలబడుతుంది, యతి చస్తుంది, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ జోడీ కుదరదు. "మతిశయి"లో ఉన్నది అకారం, దానికి జోడీ "అనగ"లో అ. పా వచ్చి ఏం చేస్తుంది అక్కడ?

నరసాపురం వీణ:
"రాగాన్ని అంటారా" అన్నారు కదా, అంటారండి. పదేళ్ళు వీణ నేర్చుకున్నాను. వేళ్ళతో వాయించేదాన్ని ముందు నోటితో చెప్పించేవారు. మా టీచరుగారు "పాడు" అన్న గుర్తు లేదు, "ఏదీ, అను" అనేవారు. మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలు, సరళీ వరసలు, తప్పితే మళ్ళీ "అను". ఎడమ చూపుడు వేలికి తీగ గాడి పడింది. వీణ అటక మీదుంది, గాడి వేలి మీద అలాగే ఉంది. కాబట్టి "అనగ" నూటికి నూరుపాళ్ళు సంగీతం మాటే, పద్యం పాడేవాడిదే. మూడో పాదంలో "సాధనమున" అని ఉండనే ఉంది.

లంకల కుర్రాడు:
అక్కా, సాధనే అయితే మధ్యలో "తినగ తినగ వేము తియ్యనుండు" అని వేపచెట్టు ఎందుకు? వేప తినడం ఏం విద్య? వండేవాడి మాట కాదు అది, తినేవాడి మాట. పైగా ఎంత తిన్నా వేప తియ్యబడదు, మారేది నాలుక. రెండో పాదంలో నాలుక మారితే మొదటి పాదంలో మారాల్సింది చెవి. మేనకోడలిదే రైటు. బావగారు ఆ బాక్సుల పాట రెండు నెలలు వినాలి.

తణుకు తాతయ్య:
రెండు నెలలు వింటే చెవులు ఉండవు బాబూ, మారడానికి.

పిఠాపురం పక్షి:
మీరంతా రాగం అనగానే కళ్యాణి, మోహన అనుకుంటున్నారు. రంజ్ ధాతువు, రంగు అంటడం. ఎరుపూ రాగమే, అనురాగమూ రాగమే. ఒక పేరు అనగా అనగా ప్రేమ ముదురుతుంది అన్నాడేమో వేమన, సంగీతం ఊసే లేదేమో. యోగికి సరళీ వరసలతో ఏం పని?

ఇక కళాకారుడంటే ఎవరు అన్నదానికొస్తే, సాధన గొంతులోనే ఉంటుందంటే నేనొప్పుకోను. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారికి 1963లో గొంతు పోయింది. కాగితం మీద రాసి చూపించి మాట్లాడేవారు. ఒక్క మాట "అనలేని" మనిషి పాటల్ని ఆకాశవాణి నుంచి పెరట్లో గిన్నెలు తోముకునేవాళ్ళ దాకా అందరూ "అంటూనే" ఉన్నారు.

కరప మాస్టారు:
యతి దగ్గర మొదలెట్టినా, వేప దగ్గర మొదలెట్టినా పిఠాపురం వారి దయవల్ల కృష్ణశాస్త్రిగారు వచ్చేస్తారు.

పిఠాపురం పక్షి:
మా పక్కన చంద్రంపాలెంలో పుట్టారు మాస్టారూ, రాకపోతే ఎలా.

కోనసీమ కొబ్బరాకు:
పుట్టిన ఊళ్ళ లెక్కయితే మాకు శంకరగుప్తం ఉంది, ఆయ్. గాయకుడు మంగళంపల్లి బాలమురళిగారు 1930లో అక్కడే పుట్టారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర చేరి ఎనిమిదో ఏటే విజయవాడలో కచేరీ చేశారు. ఎనిమిదేళ్ళలో ఎన్నిసార్లు "అని" ఉంటారు చెప్పండి? సాధనవాదులు దీనికి జవాబివ్వాలి.

నరసాపురం వీణ:
తండ్రిది వేణువు, తల్లిది వీణ. తల్లి ఆయన పొత్తిళ్ళలో ఉండగానే పోయారు గానీ కడుపులో ఉన్నన్నాళ్ళూ వీణ విన్నట్టే లెక్క. దాక్షారంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారి ఇంట్లోనూ అంతే, తండ్రే వైణికుడు. మనకి కచేరీ రోజు కనిపిస్తుంది, అంతకుముందు ఇల్లు కనిపించదు.

లంకల కుర్రాడు:
అక్కా, మీరే నా వైపు వచ్చేశారు. "వినగ వినగ" అని ఒప్పుకున్నట్టేగా! ఇంకోటి. అదే బాలమురళిగారు నాలుగే స్వరాలతో మహతి కడితే, నాలుగింటితో రాగమేంటి అన్న పెద్దలున్నారు. వాళ్ళ విద్యకేం లోటు లేదు, ఆ ధ్వని చెవికి అలవాటు లేదు, అంతే. మా బ్యాచ్ వినేదాన్ని మీరు గోల అన్నప్పుడల్లా నాకు మహతి గుర్తొస్తుంది.

నరసాపురం వీణ:
నాలుగు స్వరాలు ఎన్నుకున్నాయన దగ్గర మిగతావన్నీ ఉన్నాయి తమ్ముడూ. అవి లేక నాలుగుతో సరిపెట్టుకోవడం వేరు.

తణుకు తాతయ్య:
అవన్నీ సరే, ఇంతకీ "అతిశయిల్లు"నా, "అతిశయించు"నా? నా నోటికి "అతిశయించుచునుండు" అనే వస్తోంది.

కరప మాస్టారు:
ఇప్పుడు అడిగారు అసలైన మాట! రెండూ గణానికి సరిపోతాయి, యతీ చెడదు, ఛందస్సుతో తేలదు. బ్రౌను దొర 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు, 1839లో ఇంకా పెద్ద సంపుటం తెచ్చాడు. మన రాజమండ్రిలోనూ కొలువు చేసినవాడే. జనం నోళ్ళలో తిరిగిన పద్యాలు, పాఠాంతరాలకి కొదవేముంది.

నా మటుకు "ఇల్లు" వైపే. వర్ధిల్లు, భాసిల్లు, రంజిల్లు చూడండి, దానంతటది జరిగేది. ఎవరో పూనుకుని పెంచితే "వర్ధింపజేయు" అంటాం. "అతిశయిల్లు" అంటే రాగం తనకు తానే పెరుగుతోంది. మీ కుర్రాడి వాదానికి బలం వచ్చినా సరే, వ్యాకరణం వ్యాకరణమే.

పిఠాపురం పక్షి:
మరి "వికసించు"కీ "వికసిల్లు"కీ తేడా చెప్పండి మాస్టారూ. పువ్వు రెండు రకాలుగానూ దానంతటదే విచ్చుకుంటుంది కదా.

కరప మాస్టారు:
భోజనం చేసి చెబుతాను.

తణుకు తాతయ్య:
ఈలోగా ఇంకోటి. వేప అనక వేము అన్నాడేం?

లంకల కుర్రాడు:
రాజమండ్రి పక్కన వేమగిరి ఉందిగా తాతయ్యగారూ. మాస్టారి ఊరి దగ్గర వేములవాడ కూడా.

కరప మాస్టారు:
భోజనం పక్కన పెట్టి వచ్చాను. భీమకవి వేములవాడ మాదేనని కొందరం అంటాం, తెలంగాణ వాళ్ళు వాళ్ళదంటారు. దాని జోలికి ఇవాళ వెళ్ళొద్దు.

కోనసీమ కొబ్బరాకు:
అయ్యా, ఇంతకీ మా బావగారికి ఏం చెప్పను? ఆయన పద్యం పాడేవాడిదే అంటున్నారు, ఫోన్ తీసుకుని మీ అందరి మాటలూ చదువుతున్నారు కూడా. కానీ నిన్న రాత్రి వసారాలో తువ్వాలు దులుపుతూ ఆ బాక్సుల పాటే కూనిరాగం తీస్తుంటే నా చెవులతో విన్నాను. అడిగితే "ఛ, హిందోళం" అన్నారు.

నరసాపురం వీణ:
హిందోళం అంత చులకనైపోయిందా అండీ.

కోనసీమ కొబ్బరాకు:
మేనకోడలు ఇప్పుడే చదివింది. "మావయ్యా, ఆ న తగిలించి బీట్ పెట్టి చూశాను, ఇప్పుడు కరెక్టుగా పడుతోంది. ఇన్నాళ్ళూ అక్కడ ఎందుకు తడబడుతోందా అనుకునేదాన్ని" అంటోంది.

కరప మాస్టారు:
బంగారు తల్లి! "యిల్లు" పెట్టి కొట్టిందా, "యించు" పెట్టి కొట్టిందా, కాస్త కనుక్కోండి.