హెచ్81 బోర్డులో ప్రాసెసర్ మారిస్తే పాత ర్యామ్ పనికొస్తుందా?

నెల్లూరు_వేళచ్చేరి:
నమస్తే అన్నలూ. నాది పాత అసెంబుల్డ్ సిస్టమ్. ఐ3-4130 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, డీడీఆర్3 రకం ర్యామ్ స్టిక్కులు రెండు, ఒక్కోటి 4 జీబీ. ట్యాలీ, క్రోమ్ కలిపి తెరిస్తే చాలు, మొరాయిస్తోంది. చెన్నై రిచీ స్ట్రీట్ కంప్యూటర్ షాపుల్లో అడిగితే ఒకాయన "ప్రాసెసర్ మారిస్తే ర్యామ్ కూడా మార్చాల్సిందే సార్" అని కొత్త సెట్ కొటేషన్ చేతిలో పెట్టాడు. పక్క షాపతనేమో "ఆరో జనరేషన్ బోర్డు సెకండ్ హ్యాండ్‌లో ఉంది, మీ ర్యామే ఎక్కుద్ది" అంటాడు. ఎవరి మాట నమ్మాలి?

రిపేర్_బాబాయ్:
ఇద్దరూ అమ్ముకునేవాళ్లే తమ్ముడూ! అసలు బోర్డు ఎందుకు మార్చడం? ప్రాసెసర్ కూర్చునే సాకెట్ నీది 1150 రకం. అందులోనే ఐ5-4570 గానీ, ఐ7-4770 గానీ కూర్చుంటుంది, ర్యామ్ ఉన్నది ఉన్నట్టే ఉంచుకోవచ్చు. 4590, 4790 తీసుకుంటే మాత్రం ముందు బయోస్ (ఆన్ చేయగానే బోర్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) వెర్షన్ చూడు. పాత బయోస్ అయితే స్క్రీన్ రాదు. పాత ఐ3 ఇంకా బోర్డులో ఉండగానే అప్‌డేట్ చేసుకో, తీసేశాక చేద్దామంటే కుదరదు.

ఆ ఆరో జనరేషన్ బేరం జోలికి పోకు. డీడీఆర్3 స్లాట్లున్న బోర్డులు ఉన్న మాట నిజమే. కానీ ఆ ప్రాసెసర్లకి ఇంటెల్ చెప్పింది 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్. మామూలు డీడీఆర్3 కి 1.5 కావాలి. ఇవాళ ఆన్ అయిందని సంబరపడితే, రేపు ప్రాసెసర్ పోయినా అడిగే దిక్కుండదు. స్టిక్ తీసి లేబుల్ మీద ఏముందో రాయి.

నెల్లూరు_వేళచ్చేరి:
ఒకదాని మీద పీసీ3-12800, రెండోదాని మీద పీసీ3-10600 అని ఉంది బాబాయ్. రెండింటి మీదా "ఎల్" లేదు.

రిపేర్_బాబాయ్:
అంటే ఒకటి 1600 స్పీడుది, ఇంకోటి 1333. కలిపి వేస్తే రెండూ 1333 మీదే నడుస్తాయి, ట్యాలీకి తేడా తెలీదు. తీశావు కాబట్టి ఆ బంగారు రంగు పళ్లని రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపి పెట్టు. ప్రాసెసర్ మార్చాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ ఒక రాత్రి వేసి వదిలేయ్. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్కులు విడివిడిగా పెట్టి చూడు. ఐ3 54 వాట్లు, కొత్తది 84. పాత సన్న ఫ్యాన్ తగిలించి చెన్నై ఎండాకాలంలో నడిపావంటే వేడికి స్పీడు తగ్గిపోతుంది. కూలర్‌తో కలిపే బేరమాడు, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ కొత్తది రాయి.

తాంబరం_టెక్కీ:
బాబాయ్ చెప్పింది కరెక్టే, కానీ హార్డ్ డిస్క్ పాతదే అయితే ముందు దాని బదులు ఎస్ఎస్‌డీ (చిప్పులతో పనిచేసే వేగమైన డిస్క్) వెయ్యండి. చాలామటుకు నత్తనడక అక్కడే. ఇంకో మాట, ఈ 4000 నంబర్ల ప్రాసెసర్లకి, అంటే నాలుగో జనరేషన్‌కి, విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తో ఆగిపోయింది. ఐ7 మీద ఎక్కువ డబ్బు పోయొద్దు.

రిపేర్_బాబాయ్:
ఒప్పుకుంటా. అయితే ఎస్ఎస్‌డీ ముందు, దొరికితే 4570. హెచ్81 కి రెండే స్లాట్లు, 16 జీబీకి మించి ఎక్కదు. ఎప్పుడైనా ర్యామ్ పెంచాలంటే ఒక్కోటి 8 జీబీ ఉన్న డీడీఆర్3 స్టిక్కుల జత సెకండ్ హ్యాండ్‌లో చూడు. ల్యాప్‌టాప్ పొట్టి స్టిక్కులు అంటగడతారు, చూసుకుని తీసుకో.