మరిది వదిలి వెళ్ళిన గ్రే ప్యారెట్‌కి రిజిస్ట్రేషన్ తప్పదా?

గాజువాక:
అందరికీ నమస్కారం. మా మరిది ఉద్యోగం మీద దుబాయ్ వెళ్తూ తన ఆఫ్రికన్ గ్రే ప్యారెట్‌ని మా దగ్గర వదిలి వెళ్ళాడు. 2021లో ఇక్కడే ఒక షాపులో కొన్నాడు. చేతిరాత బిల్లు ఒక్కటే ఉంది, పక్షి కాలికి రింగు ఉంది. మా అపార్ట్‌మెంట్లో ఒకాయన "అది ఇంట్లో ఉంటే జైలే" అంటున్నారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. మా అత్తగారేమో "ఎదురింటి రామచిలుకకి లేని రూలు దీనికేంటి? అంత భయమైతే కంబాలకొండ అడవిలో వదిలేయండి" అంటున్నారు. ఏం చేయమంటారు?

ఎంవీపీ కాలనీ:
మా ఇంట్లో కాకటీల్ పక్షులు ఉన్నాయి. ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. దీనికీ అక్కర్లేదనుకుంటా.

సీతమ్మధార:
కాకటీల్‌తో దీన్ని కలపకండి. అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం ఒకటుంది. కాకటీల్, బడ్జీ లాంటివి దాని జాబితాల్లో లేవు. ఆఫ్రికన్ గ్రే మాత్రం 2017 నుంచి మొదటి అనుబంధంలో, అంటే ముప్పు ఎక్కువున్న జీవుల జాబితాలో ఉంది. దాన్ని ఆఫ్రికా అడవుల్లో వలలేసి పట్టి అమ్మేయడం వల్లే ఆ గతి పట్టింది. షాపులో పంజరం ముందు నిలబడి బేరమాడేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు, నా బాధంతా అదే.

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ జరిగింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సైటిస్ జాబితాలో ఉన్న జంతువులను నాలుగో షెడ్యూల్లో చేర్చారు. వాటిని పెంచుకునేవాళ్ళు ప్రభుత్వానికి తెలియజేసి రిజిస్టర్ చేయించుకోవాలి. 2024 ఫిబ్రవరిలో రూల్స్ వచ్చాయి, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో దరఖాస్తు పెట్టడానికి ఆరు నెలల గడువిచ్చారు. అది దాటిపోయింది కదా అని దాచిపెట్టకండి. బిల్లు, రింగు నంబరు, పక్షి ఫోటోలు పట్టుకుని అటవీ శాఖ ఆఫీసుకి వెళ్ళి, ఎవరు కొన్నారో, మీ దగ్గరికి ఎలా వచ్చిందో రాతపూర్వకంగా ఇవ్వండి. పక్షి చేతులు మారినా, చనిపోయినా చెప్పాల్సిందే కాబట్టి మీ మరిది సంతకంతో ఒక లేఖ కూడా తెప్పించుకోండి.

ఇక రామచిలుక. దానికి రూలు లేకపోవడమేంటండీ! అది మన దేశపు పక్షి, రెండో షెడ్యూల్లో ఉంది. ఇంట్లో పెంచుకోవడానికి అసలు వీల్లేదు, రిజిస్ట్రేషన్ అనే దారి కూడా లేదు. మూడేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడొచ్చు. చిలక జోస్యం వాళ్ళ పంజరాలు చూసి చూసి మనకది తప్పుగా కనిపించడం మానేసింది. నక్షత్ర తాబేలైతే ఇంకా కఠినం, మొదటి షెడ్యూల్, కనీసం మూడేళ్ళ శిక్ష.

కంబాలకొండలో మాత్రం వదలొద్దు, మీకు పుణ్యముంటుంది. గింజలు గిన్నెలో తిని పెరిగిన పక్షి అడవిలో తిండి వెతుక్కోలేదు. దానికున్న జబ్బులు అక్కడి పక్షులకి అంటుకోవచ్చు కూడా.

గాజువాక:
చాలా థాంక్సండీ. రింగు మీద అక్షరాలు సగం అరిగిపోయాయి, పర్లేదా? ఇంకోటి, వచ్చినప్పట్నుంచి ఛాతీ మీద ఈకలు పీకేసుకుంటోంది. చర్మం కనిపిస్తోంది.

సీతమ్మధార:
కనిపించినంత వరకు రాసుకుని, దగ్గరగా ఫోటో తీయండి. రింగు మాత్రం కోయించకండి. ఈకలు పీక్కోవడం గ్రేల్లో మామూలే, మనిషి మారినా, ఒంటరిగా ఉన్నా చేస్తాయి. అయినా జబ్బేమో తేల్చుకోవాలి. పక్షుల్ని చూసే వెటర్నరీ డాక్టరుకి ముందు చూపించండి, ఆ చీటీ కూడా ఫైల్లో పెట్టుకోండి. ఈలోగా పంజరం హాల్లో, మీరంతా తిరిగే చోట ఉంచి, మీ మరిదితో రోజూ వీడియో కాల్లో మాట్లాడించండి.